1.2 గంటల నర్సు: నర్సింగ్ పరిశోధనలో ప్రాక్టికల్ నర్సుల చోటు

నర్సుల సంఖ్యకూ రోగి క్షేమానికీ ఉన్న లింకు గురించి ఎవరు మాట్లాడినా 2002లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో వచ్చిన ఒక అధ్యయనం ప్రస్తావనకొస్తుంది. అమెరికాలో 11 రాష్ట్రాల్లోని 799 ఆస్పత్రుల రికార్డులు తీసుకుని, ఒక్కో రోగికి రోజుకి ఎన్ని గంటల నర్సింగ్ సేవ అందుతోందో అందులో లెక్కగట్టారు. సగటున 11.4 గంటలని తేలింది. ఇందులో 7.8 గంటలు ఎక్కువ చదువు, పూర్తి స్థాయి లైసెన్సు ఉన్న రిజిస్టర్డ్ నర్సులవి, 2.4 గంటలు నర్సింగ్ సహాయకులవి. మధ్యలో మిగిలిన 1.2 గంటలు తక్కువ చదువుతో వేరే లైసెన్సు పొందే లైసెన్స్‌డ్ ప్రాక్టికల్ నర్సులవి. రిజిస్టర్డ్ నర్సుల వాటా ఎక్కువున్న చోట మూత్రనాళ ఇన్ఫెక్షన్లు, న్యుమోనియా వంటివి తక్కువగా కనిపించాయి. ప్రాక్టికల్ నర్సుల గంటలు పెరిగినందువల్ల అలాంటి మేలేదీ ఆ లెక్కలో కనబడలేదు.

లెక్క తప్పని ఎవరూ అనడం లేదు. కానీ ఆ 1.2 గంటల్లో వాళ్లు ఏ పని చేశారు, ఎలాంటి రోగులను వాళ్లకు అప్పగించారు, ఏ పని చేయడానికి ఆ రాష్ట్ర చట్టం వాళ్లకు ఒప్పుకోలేదు అన్నవి సిబ్బంది గంటల పద్దులోంచీ డిశ్చార్జి రికార్డులోంచీ తెలిసేవి కావు. అదే ఏడాది పెన్సిల్వేనియాలోని 168 ఆస్పత్రుల మీద ఇంకో పెద్ద అధ్యయనం వచ్చింది. ఒక్కో నర్సుకు ఒక రోగి అదనంగా పెరిగితే నెల లోపు మరణించే అవకాశం 7 శాతం పెరుగుతుందని చెప్పింది అదే. అందులో ప్రశ్నావళి రిజిస్టర్డ్ నర్సులకే వెళ్లింది. ఒకచోట ప్రాక్టికల్ నర్సు గంటల లెక్కగా మిగిలింది, రెండోచోట ఆమెను అసలు అడగనే లేదు. చాలాకాలం నర్సింగ్ పరిశోధనలో ఆమెకు దొరికిన చోటు ఇంతే. ఈ పరిస్థితి ఇప్పుడు నెమ్మదిగా మారుతోంది. ఎందుకు మారాలో, మార్చబోయి ఎక్కడ తప్పులు చేస్తున్నారో చూద్దాం.

ఎవరీ ప్రాక్టికల్ నర్సు?

ముందు పేర్ల చిక్కు విప్పాలి. అమెరికాలో ఎక్కువ రాష్ట్రాల్లో ఈమె లైసెన్స్‌డ్ ప్రాక్టికల్ నర్సు, పొట్టిగా ఎల్‌పీఎన్. కాలిఫోర్నియా, టెక్సస్‌లలో ఇదే ఉద్యోగాన్ని లైసెన్స్‌డ్ వొకేషనల్ నర్సు, అంటే ఎల్‌వీఎన్ అంటారు. చదువు సుమారు ఏడాది, తర్వాత రాయాల్సిన లైసెన్సు పరీక్ష కూడా రిజిస్టర్డ్ నర్సులది కాదు, వేరే. కెనడాలో చాలాచోట్ల ఎల్‌పీఎనే గానీ ఒంటారియోలో రిజిస్టర్డ్ ప్రాక్టికల్ నర్సు, ఆర్‌పీఎన్. అక్కడ రెండేళ్ల డిప్లొమా కావాలి. తమాషా ఏమిటంటే కెనడా పశ్చిమ రాష్ట్రాల్లో ఆర్‌పీఎన్ అంటే రిజిస్టర్డ్ సైకియాట్రిక్ నర్సు, పూర్తిగా వేరే వృత్తి. ఆస్ట్రేలియాలో ఎన్‌రోల్డ్ నర్సు. ఇంగ్లండ్‌లో నర్సింగ్ అసోసియేట్ అనే కొత్త హోదా 2019 జనవరిలో రిజిస్టర్లోకి ఎక్కింది. ఫిన్లాండ్‌లో లాహిహోయితాయా.

ఇవన్నీ ఒకే ఉద్యోగం కాదు, అలాగని సంబంధం లేనివీ కావు. పాత పరిశోధనలను వెతికేవాళ్లు మొదట బోర్లాపడేది ఇక్కడే. ‘ఎల్‌పీఎన్’ అని ఒక్క మాట కొట్టి వెతికితే ఆస్ట్రేలియా, ఇంగ్లండ్ పరిశోధన మొత్తం జారిపోతుంది. ‘ఆర్‌పీఎన్’ అని కొడితే మానసిక ఆరోగ్య నర్సుల వ్యాసాలు కుప్పగా వచ్చి పడతాయి. అందుకే పూర్తి పేర్లన్నీ ‘లేదా’తో కలిపి, దేశం పేరు జోడించి వెతకాలి. వచ్చిన ప్రతి వ్యాసంలోనూ ‘నర్సు’ అంటే ఎవరని నిర్వచించారో పద్ధతుల విభాగంలో చూసుకోవాలి. ‘లైసెన్స్ ఉన్న నర్సులు’ అని రిజిస్టర్డ్, ప్రాక్టికల్ నర్సులిద్దరినీ ఒకే గంపలో వేసిన వ్యాసాలు కొల్లలు. వాటిలోంచి ప్రాక్టికల్ నర్సుల సంగతి విడదీయడం ఎవరివల్లా కాదు.

మన దగ్గర ఈమెకు సరిజోడు ఎవరు? చప్పున ఏఎన్‌ఎం (ఆక్సిలరీ నర్స్ మిడ్‌వైఫ్) గుర్తొస్తుంది. రెండేళ్ల కోర్సు, రిజిస్టర్లో వేరే వరస, కాబట్టి చదువు లెక్కన దగ్గరే. పని మాత్రం వేరు. ఎల్‌పీఎన్ వార్డులోనో వృద్ధుల నర్సింగ్ హోంలోనో మంచం పక్కన ఉంటుంది. ఏఎన్‌ఎం మైదాన ప్రాంతంలో 5,000, గిరిజన ప్రాంతంలో 3,000 జనాభాకు ఒకటి చొప్పున ఉండే ఉపకేంద్రంలో గర్భిణులను, బాలింతలను, టీకాలను చూసుకుంటుంది. మూడేళ్ల జీఎన్‌ఎం (జనరల్ నర్సింగ్ అండ్ మిడ్‌వైఫరీ) చదివిన స్టాఫ్ నర్సు మన చట్టం ప్రకారం పూర్తి స్థాయి రిజిస్టర్డ్ నర్సు. కాబట్టి విదేశీ ప్రశ్నావళిలో ఎల్‌పీఎన్ అని ఉన్నచోట ఏఎన్‌ఎం అని మార్చి వాడేస్తే ఫలితం దేన్ని కొలిచిందో ఎవరికీ తెలియదు. ఒక ముడి మాత్రం నిజంగానే ఉంది. ఇక్కడ నర్సింగ్ చదివి కెనడా వెళ్లినవాళ్లలో కొందరు ముందు ప్రాక్టికల్ నర్సుగా నమోదై పని మొదలుపెడతారు. ఇక్కడ రిజిస్టర్డ్ నర్సుగా అనుభవం ఉన్న మనిషి అక్కడి పరిశోధన పట్టికలో రెండో వరసలోకి వెళ్తుంది.

లేకపోతే నష్టం ఎవరికి?

ప్రాక్టికల్ నర్సులను కలుపుకోవడమంటే వాళ్లకేదో మర్యాద చేయడం అన్నట్టు చాలామంది మాట్లాడతారు. అసలు నష్టం ఫలితాలకు. మూడు చోట్ల ఇది బాగా తెలుస్తుంది.

మొదటిది, రాత్రి. అమెరికాలో 1987 చట్టం తర్వాత నర్సింగ్ హోంలకు వచ్చిన నిబంధన ప్రకారం లైసెన్స్ ఉన్న నర్సు 24 గంటలూ ఉండాలి, రిజిస్టర్డ్ నర్సు మాత్రం రోజుకు వరసగా 8 గంటలు ఉంటే చాలు. అంటే రాత్రి రెండింటికి ఒక పెద్దాయన మంచం మీద నుంచి జారిపడితే అక్కడ బాధ్యతలో ఉన్నది ఎల్‌పీఎన్ కావచ్చు. పడిపోవడాల మీద చేసే అధ్యయనంలో ఆమెను అడగకపోతే రాత్రి మొత్తాన్ని వదిలేసినట్టే.

రెండోది, కొలబద్ద. నర్సుల పని వాతావరణం కొలవడానికి ప్రపంచమంతా వాడే ప్రాక్టీస్ ఎన్విరాన్‌మెంట్ స్కేల్ 2002లో వచ్చింది. 31 వాక్యాలు, అయిదు విభాగాలు. అందులో ‘నాణ్యమైన సేవకు సరిపడా రిజిస్టర్డ్ నర్సులు ఉన్నారు’ అనే వాక్యం ఒకటి. దీనికి ప్రాక్టికల్ నర్సు ‘లేదు’ అంటే ఏమర్థం? తన మీద పని ఎక్కువ పడుతోందనా, పైనుంచి చూసేవాళ్లు లేరనా, తన బదులు వాళ్లను పెట్టాలనా? ఇంకో వాక్యం నర్సింగ్ డయాగ్నసిస్ వాడకం గురించి, అంటే రోగికి ఎలాంటి నర్సింగ్ సేవ అవసరమో నర్సే నిర్ధారించడం. చాలా రాష్ట్రాల్లో ఆ నిర్ధారణ చేసే అధికారం ఎల్‌పీఎన్‌కు లేదు. ఆమె అక్కడ ఏ గడిలో టిక్ పెట్టినా అది ఆమె పని వాతావరణానికి కొలత కాదు. కొలబద్ద మంచిదే, మరొకరి కోసం చేసింది, అంతే.

మూడోది రికార్డు. పడక పుండ్ల నివారణ అధ్యయనంలో ‘రెండు గంటలకోసారి పక్కకు తిప్పారా’ అన్నది ముఖ్యమైన వివరం. చార్టులో 8, 10, 12, 2 అని వరసగా, ఒకే ఇంకుతో, ఒకే వాలు చేతిరాతలో ఉంటుంది. డ్యూటీ దిగే ముందు అన్నీ ఒకేసారి నింపిన చార్టు అలాగే ఉంటుందని తిప్పే మనిషికి తెలుసు, కంప్యూటర్ ముందు కూర్చున్న పరిశోధకుడికి తెలియదు. చార్టును నమ్మి లెక్క వేస్తే ‘తిప్పడం వల్ల ఉపయోగం లేదు’ అని తేలుతుంది. నిజానికి అక్కడ తిప్పనే లేదు. మొదటి దశ పుండుకు గుర్తు, వేలితో నొక్కినా తెల్లబడని ఎరుపు. నల్లటి చర్మం మీద ఆ ఎరుపు కనబడదు. అక్కడ వేడి, గట్టిదనం, నొప్పి చూసుకోవాలి. ఒళ్లు తుడిచేటప్పుడు చెయ్యి తగిలేది ఎవరికి? ఫారంలో ‘ఎరుపు ఉందా’ అని మాత్రమే ఉంటే ఆమెకు తెలిసినదాన్ని రాసే గడే ఉండదు.

పెరిగినది ఎక్కడ

ముందుగా మార్పు కనబడింది కార్మికశక్తి సర్వేల్లో. అమెరికాలోని నర్సింగ్ బోర్డుల జాతీయ మండలి చేయించే సర్వేల్లో ఎల్‌పీఎన్‌లను విడిగా అడుగుతున్నారు. అలా అడగబట్టే 2020లో 53 ఉన్న వాళ్ల మధ్యస్థ వయసు 2022 నాటికి 47కు దిగిందని తెలిసింది. కోవిడ్ మొదలయ్యాక సుమారు లక్ష మంది రిజిస్టర్డ్ నర్సులు ఉద్యోగం వదిలారన్న వార్త అందరూ రాశారు. అదే అంచనాలో దాదాపు 34 వేల మంది ప్రాక్టికల్ నర్సులు కూడా తప్పుకున్నారు, ప్రాక్టికల్ నర్సుల్లో చాలామంది వృద్ధుల దీర్ఘకాలిక సంరక్షణలో పనిచేసేవాళ్లు. దేశం మొత్తం మీద ఉద్యోగంలో వాళ్లున్నది సుమారు ఆరున్నర లక్షలే. విడిగా లెక్కపెట్టకపోతే ఈ దెబ్బ ఎవరికి తగిలిందో తెలిసేదే కాదు. ఒంటారియోలో ప్రాక్టికల్ నర్సుల సంఘం తన సభ్యులనే అడిగి నివేదికలు తెస్తోంది.

ఇవన్నీ ‘అడగబడటం’ వరకే. ప్రశ్న వేసే చోట, ఫలితానికి అర్థం చెప్పే చోట కూర్చోవడం వేరే సంగతి. అది ఇంకా అరుదు.

నమూనా: తేలికగా సరిదిద్దగల తప్పు

ఒక ఆస్పత్రిలో 160 మంది రిజిస్టర్డ్ నర్సులు, 40 మంది ప్రాక్టికల్ నర్సులు ఉన్నారనుకుందాం. మొత్తం 200 మందిలోంచి లాటరీ వేసి 60 మందిని తీస్తే ప్రాక్టికల్ నర్సులు సుమారు 12 మంది వస్తారు. ఆ 12 మందిలో సగం ‘అవును’ అంటే, మొత్తం 40 మందే ఉన్న చిన్న గుంపు అన్న సవరణ చేశాక కూడా, పొరపాటు హద్దు 24 శాతం ఇటూ అటూ. అంటే అసలు సంఖ్య 26 నుంచి 74 వరకు ఎక్కడైనా ఉండొచ్చు. అదొక ఫలితమే కాదు.

అదే 60 మందిని రెండు వరసల్లోంచి చెరో 30 చొప్పున తీయండి. ప్రాక్టికల్ నర్సుల హద్దు 9 శాతానికి దిగుతుంది. రిజిస్టర్డ్ నర్సులది 16 దగ్గర ఉంటుంది. ఖర్చు అంతే, ఇద్దరి గురించీ ఏదో ఒకటి చెప్పగలం. కాకపోతే ఆస్పత్రి మొత్తానికి సగటు చెప్పేటప్పుడు బరువులు వేయాలి: రిజిస్టర్డ్ నర్సు ఒక్కొక్కరికి 160ని 30తో భాగించి 5.33, ప్రాక్టికల్ నర్సుకు 40ని 30తో భాగించి 1.33. ఇది మరిచిపోతే ఏమవుతుందంటే, ‘రోగిని తిప్పడానికి టైం చాలడం లేదు’ అని మొదటి వరసలో 40 శాతం, రెండో వరసలో 80 శాతం అన్నారనుకోండి, బరువు లేకుండా సగటు 60 అని వస్తుంది. అసలు సంఖ్య 48. విడివిడిగా చెప్పాల్సిన 40, 80 అనే రెండు అంకెలే ఇక్కడ అసలు వార్త అన్నది వేరే సంగతి.

ఇంకో తప్పు పిలుపులో. మెయిల్ ఐడీ ఉన్నవాళ్లకే లింకు వెళ్తుంది. రాత్రి డ్యూటీ వాళ్లు, ఏజెన్సీ ద్వారా వచ్చేవాళ్లు, వారానికి రెండు షిఫ్టులు చేసేవాళ్లు ఆ జాబితాలో ఉండరు. జీతాల జాబితా నుంచి పేర్లు తీసుకోవడం మంచిది. ఏజెన్సీ సిబ్బందికి విడిగా డ్యూటీ రోస్టర్ చూడాలి.

ప్రశ్న నుంచి ఫారం దాకా

ప్రాక్టికల్ నర్సులను ఎప్పుడు పిలవాలి? ప్రతిపాదన ముద్రించాక కాదు. ప్రశ్న ఇంకా మెత్తగా ఉండగానే పిలవాలి. ఒక్కరిని పిలిస్తే పన్నెండు మంది పెద్దవాళ్ల మధ్య ఆమె తలూపి వెళ్తుంది. కనీసం ఇద్దరు, వీలైతే వేర్వేరు వార్డుల నుంచి, ఒకరు రాత్రి డ్యూటీల నుంచి ఉండాలి. సమావేశం ఉదయం 11కు పెడితే రారు. అప్పుడు మందులు, డ్రెస్సింగులు, రౌండ్లు నడుస్తుంటాయి. షిఫ్టు మారే ముందో తర్వాతో గంట పెట్టి, ఆ గంటకు జీతం కట్టాలి. నెలకు 6 గంటల చొప్పున 8 నెలలంటే మనిషికి 48 గంటలు. ఆ గంటల్లో వార్డులో ఆమె బదులు ఎవరు నిలబడతారో బడ్జెట్లో ఒక వరస రాయకపోతే, ఆ భారం పక్క నర్సు మీద పడుతుంది. రెండో నెలకల్లా మొత్తం వార్డుకే పరిశోధనంటే గిట్టకుండా పోతుంది. ప్రాజెక్టులు చచ్చిపోయేది ఎక్కువగా ఈ ఒక్క వరస లేకపోవడం వల్లే.

ఫారం తయారయ్యాక, వాడబోయేవాళ్లలో అయిదు నుంచి పదిమందితో పైకి చదివించి ‘దీన్నిబట్టి మీకేం అర్థమైంది’ అని అడగాలి. సమాధానం సరైనదా కాదా అన్నది కాదు, ప్రశ్న ఎలా వినబడిందన్నది తెలుసుకోవాలి. తెలుగులోకి మార్చే ప్రశ్నావళులకు ఇది మరీ అవసరం. బర్నౌట్ (పని ఒత్తిడితో పూర్తిగా అలసిపోవడం) అన్నమాటను పత్రికల తెలుగులో ‘దహనావస్థ’ వంటిదేదో పెడితే నర్సు నవ్వుతుంది. ‘డ్యూటీకి వెళ్లాలంటేనే ప్రాణం ఉసూరుమంటుందా’ అంటే వెంటనే జవాబొస్తుంది. ఒకరు తెలుగులోకి, మూలం చూడని మరొకరు తిరిగి ఇంగ్లిష్‌లోకి మార్చి పోల్చే పద్ధతి ఉంది, చేయాల్సిందే. అయితే పుస్తకం మాట కూడా ఆ పరీక్షలో నెగ్గేస్తుంది. చదివించి వినే పరీక్షలో నెగ్గదు.

సమాచారం సేకరించే ముందు ఇద్దరు ఒకే రోగిని విడివిడిగా చూసి నమోదు చేసి, ఒప్పందం ఎంతో లెక్క కట్టాలి. ఇక్కడ శాతం మోసం చేస్తుంది. 50 మంది రోగుల్లో ఇద్దరూ ‘పుండు ఉంది’ అన్నది 3, ఇద్దరూ ‘లేదు’ అన్నది 42, మిగతా 5 చోట్ల తేడా వచ్చింది అనుకుందాం. 90 శాతం కలిసింది, బ్రహ్మాండం అనిపిస్తుంది. కానీ పుండు అరుదు కాబట్టి కళ్లు మూసుకుని ‘లేదు’ అన్నా చాలావరకు కలుస్తుంది. ఆ తేడాల్లో ఒకరు 2 చోట్ల, మరొకరు 3 చోట్ల ‘ఉంది’ అన్నట్టయితే, యాదృచ్ఛికంగా కలిసేది తీసేశాక వచ్చే కప్పా విలువ 0.49. చాలామంది పెట్టుకునే 0.6 హద్దుకు కూడా అందదు. మళ్లీ శిక్షణ ఇవ్వాలి. తేడా వచ్చిన ఆ 5 కేసుల దగ్గరికి ఇద్దరినీ తీసుకెళ్లి మాట్లాడించడం గంటన్నర క్లాసు కన్నా మేలు. తేడా చేతిలో కాక ఫారం మాటల్లో ఉందని తేలడం కూడా మామూలే.

సమ్మతి, ఎథిక్స్ కమిటీ

ఇన్‌ఛార్జి సిస్టర్ వాట్సాప్ గ్రూపులో గూగుల్ ఫారం పెట్టి ‘అందరూ ఇవాళ నింపాలి’ అంటే అది సమ్మతి కాదు. భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) 2017 మార్గదర్శకాలు అధికార క్రమంలో కింద ఉన్న ఉద్యోగులు, విద్యార్థులు, ఆరోగ్య సిబ్బందిని కూడా సులభంగా ఒత్తిడికి లోనయ్యే వర్గాల్లో చేర్చాయి. అందుకని నర్సులను పిలిచేది వాళ్ల డ్యూటీ వేసే మనిషి కాకూడదు. వార్డు, వయసు, అనుభవం మూడూ అడిగితే నలుగురున్న యూనిట్లో పేరు లేకున్నా మనిషి ఎవరో తెలిసిపోతుంది. వార్డు పేరు బదులు ‘ఐసీయూ, జనరల్’ అని రెండు గడులు, వయసుకు పదేళ్ల చొప్పున గడులు పెడితే సరి.

ఇంకో వైపు కూడా ఉంది. మంచినీళ్లు ఇచ్చే, ఇంజెక్షన్ చేసే నర్సే వచ్చి ‘ఈ స్టడీలో చేరతారా అమ్మా’ అంటే రోగి కాదనలేడు. ఆమె రోగిని గుర్తించి చెప్పవచ్చు, వివరించి సంతకం తీసుకోవడం వేరేవాళ్లు చేయాలి.

పరిశోధనలకు అనుమతిచ్చే మన ఎథిక్స్ కమిటీల్లో 7 నుంచి 15 మంది సభ్యులుండాలి, సగం మంది బయటివాళ్లు కావాలి. వైద్యులు, న్యాయ నిపుణులు, సామాజిక శాస్త్రవేత్త, సామాన్యుడు అని స్థానాలు నిర్దేశించారు. నర్సుకని విడిగా కుర్చీ లేదు. పెట్టకూడదని కూడా ఎక్కడా లేదు. నర్సు మీదే నడిచే అధ్యయనం వచ్చినప్పుడు, ‘ఈ ఫారం నింపడానికి షిఫ్టులో ఎన్ని నిమిషాలు పడుతుంది’ అని అడిగేవాళ్లు ఒకరు ఉంటే సగం ప్రతిపాదనలు మొదటి సమావేశంలోనే బాగుపడతాయి.

పేరు ఎక్కడ పడుతుంది

వైద్య పత్రికల సంపాదకుల అంతర్జాతీయ కమిటీ రచయితకు నాలుగు షరతులు పెట్టింది: ఆలోచనలోనో, సమాచార సేకరణలోనో, విశ్లేషణలోనో గట్టి భాగం ఉండాలి, రాయడంలోనో సరిదిద్దడంలోనో పాలుపంచుకోవాలి, తుది ప్రతిని ఆమోదించాలి, మొత్తానికి జవాబుదారీగా ఉండాలి. నాలుగూ ఉండాలి కాబట్టి సమాచారం సేకరించినంత మాత్రాన పేరు రాదు. చాలామంది ఇక్కడితో చదవడం ఆపేస్తారు. మొదటి షరతు నెరవేర్చినవాళ్లకు మిగతావాటిలో పాల్గొనే అవకాశం ఇవ్వాలని కూడా అదే నిబంధన చెబుతుంది. చిత్తుప్రతి చూపించకుండా ‘ఆమె రాయలేదు కదా’ అనడం ఆ నిబంధనను తిరగేసి వాడుకోవడమే. ఎవరు ఏం చేశారో 14 పాత్రల కింద విడదీసి చెప్పే క్రెడిట్ పద్ధతి వాడే పత్రికలైతే, సమాచారం సేకరించడం అందులో ‘ఇన్వెస్టిగేషన్’ పాత్ర కిందికి వస్తుంది. ఈ సంగతులు మొదటి సమావేశంలోనే కాగితం మీద పెట్టుకోవాలి. ఫలితాలు వచ్చాక మాట్లాడుకుంటే మొహమాటం, ఆపైన పేచీ.

జీఎన్‌ఎం మూడో ఏట పరిశోధన, గణాంకాల పరిచయం పాఠ్యాంశంగా ఉంది. ఏఎన్‌ఎం చదువులో అలాంటి పేపరు లేదు. అయినా మన రెండు రాష్ట్రాల్లో గర్భిణుల నమోదు, టీకాలు, రక్తహీనత మీద ప్రభుత్వ రికార్డులతో రాసే ప్రతి వ్యాసం వెనుక ఏఎన్‌ఎం రాసిన రిజిస్టరో, 2016 నుంచి ఆంధ్రప్రదేశ్‌లో రికార్డుల నమోదుకు ఆమె చేతికొచ్చిన అన్‌మోల్ ట్యాబో ఉంటుంది. హిమోగ్లోబిన్ 10.0 అని గుండ్రటి అంకెలు ఎక్కువగా ఎందుకున్నాయి, ఫలానా నెలలో నమోదు ఎందుకు పడిపోయింది, సిగ్నల్ లేని ఊళ్లలో తేదీ ఏది పడుతుంది అన్నవి ఆమెకు తెలుసు. విశ్లేషణ మొదలుపెట్టే ముందు ముగ్గురు నలుగురు ఏఎన్‌ఎంలను కూర్చోబెట్టి, ముడి పట్టికను ప్రింటు తీసి ముందు పెట్టి, ఒక పూట వాళ్లు చెప్పేది రాసుకోవడానికి అయ్యే ఖర్చు దారి చార్జీలు, భోజనం, ఒక రోజు ఆన్-డ్యూటీ ఉత్తర్వు.